దర్శిలో కూడా ఒకటి ఉంది

మా ఊరి నుంచి వినుకొండ పదకొండు కిలోమీటర్లు. కాలేజీకి వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఆ దారిలో త్రికోటేశ్వర పేరున్న బోర్డులు ఏడు కనపడతాయి. ఎరువుల దుకాణం, పంచర్ల షాపు, టిఫిన్ సెంటరు, వెల్డింగ్ వర్క్స్, ఇటుకల బట్టీ, మందుల షాపు, ఊళ్లోకి వెళ్లాక ఫంక్షన్ హాలు. ఇంటర్‌లో చేరిన కొత్తలో పక్క సీట్లో వాళ్లతో ఏం మాట్లాడాలో తెలియక బోర్డులు లెక్కపెట్టేదాన్ని. ఇంటికొచ్చి డైరీలో రాసుకునేదాన్ని.

త్రికోటేశ్వర స్వామి వెలసిన కోటప్పకొండ మాకు దగ్గర. మా వైపు వాళ్లు ఆ కొండకి మొక్కుకుని ఏది మొదలుపెట్టినా ఆ స్వామి పేరే పెడతారు, పుట్టిన బిడ్డకైనా, వేసిన బోరుకైనా, తెరిచిన కొట్టుకైనా. మా నాన్న పేరు కోటేష్. మా వీధిలోనే ఇంకో ఇద్దరు కోటేష్‌లున్నారు. అందుకని మా ఊళ్లో పేరొక్కటే చెబితే ఎవరికీ చాలదు. వాళ్లిద్దరూ పొగాకు కోటేష్, మిలటరీ కోటేష్. మా నాన్న పత్తి కోటేష్. ఈ సంగతి మా ఊళ్లో చిన్న పిల్లలకి కూడా తెలుసు. ఇన్ని బోర్డులు రాసుకున్న నాకు మాత్రం కావలసిన రోజున గుర్తు రాలేదు.

అక్క పెళ్లి జరిగి రెండు నెలలు దాటింది. జరిగింది జరిగినట్టు రాయాలని అప్పటి నుంచీ అనుకుంటున్నాను.

మా మామయ్య పేరు వీరాంజనేయులు. అమ్మకి ఒక్కడే తమ్ముడు. ఇంట్లో అందరూ అంజి అంటారు. దర్శికి ఐదు కిలోమీటర్ల దూరంలో అమ్మ పుట్టిన ఊళ్లో మిరప పండిస్తాడు. నాలుగేళ్ల కిందట నాన్న ఎప్పటిలా పత్తి వేయబోతుంటే, ఈ ఏడు మిరప వెయ్యి బావా, నారు నేను తెప్పిస్తాను అని చెప్పి నాలుగెకరాలూ మిరప వేయించాడు. ఆ ఏడే నల్ల తామర పురుగు వచ్చింది. పూత నిలవలేదు. తోటలు దున్నేశారు. మామయ్య తోట కూడా పోయింది, కానీ నాన్న కోపంలో అది కనపడలేదు. అమ్మమ్మ పెద్దకర్మ రోజున బంధువులందరి ముందు, నీ మాట విని నా చేను నేనే తగలబెట్టుకున్నాను అన్నాడు. చెప్పింది నేను, వేసింది నువ్వు అన్నాడు మామయ్య. ఆ రోజు నుంచి రెండిళ్ల మధ్యా రాకపోకలు లేవు. నాన్న తన ఫోన్లో మామయ్య నంబరు కూడా తీసేశాడు.

మాలో పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామ మోసుకొస్తాడు. కొత్త వెదురు గంపకి పసుపు రాసి, అడుగున వడ్లు పోసి, పెళ్లికూతురి చేతికి కొబ్బరి బొండాం ఇస్తారు. గది నుంచి మండపం దాకా పది పదిహేను అడుగులే, కానీ ఆ పదిహేను అడుగులూ మేనమామవి. అక్క శ్రీదివ్యకి సంబంధం కుదిరినప్పుడు బాబాయిలెవరైనా మోస్తార్లే అని నాన్న అన్నాడు. అక్కే అంది, అంజి మావయ్య మొయ్యకపోతే నేను నడుచుకుంటూ వస్తాను, గంప ఎక్కను అని. అది నిశ్చితార్థం రోజున అందరూ ఉండగా అంది. నాన్న రెండు వారాలు ముభావంగా తిరిగాడు. ఆ తర్వాత ఒక ఉదయం తెల్ల చొక్కా వేసుకుని, రాజ్యం, కుంకుమ భరిణె తీసుకో అన్నాడు అమ్మతో. ఇద్దరూ వెళ్లి శుభలేఖ ఇచ్చి, బొట్టు పెట్టి పిలిచి వచ్చారు.

ఆ సాయంత్రం అమ్మ ముఖం నేనెప్పుడూ చూడని ముఖం. మామయ్య అన్నదాన్ని అమ్మ ఆ వారంలో ఎన్నిసార్లు చెప్పిందో. "అక్కా, మొయ్యమంటే మోస్తాగానీ అది ఏం తింటుందో కాస్త చూసుకోండి, నా నడుం జాగ్రత్త" అన్నాడట. నాన్న కూడా నవ్వాడట.

శుభలేఖలో పెళ్లి మా ఇంటి దగ్గరే అని వేయించారు. ఇంటి ముందు పందిరి వేయాలనుకున్నారు. పెళ్లి ఆదివారం. గురువారం పొద్దున టీవీలో వానలు పడతాయని చెప్పారు. మాఘమాసంలో వాన ఏంటని అందరూ అనుకున్నారు కానీ ఊళ్లో కల్లాల మీద పట్టాలు కప్పటం మొదలైంది. నాన్న పరుగున వినుకొండ వెళ్లి త్రికోటేశ్వర ఫంక్షన్ హాలు మాట్లాడి వచ్చాడు. మధ్యాహ్నం నుంచి అందరూ ఫోన్లు పట్టుకుని పిలిచిన వాళ్లకి హాలు సంగతి చెప్పటం మొదలుపెట్టారు. నాన్నకి చిన్నాన్న కొడుకు బుల్లయ్య బాబాయి ఒక జాబితా, నాన్న ఒక జాబితా. అమ్మ నన్ను పిలిచి, "అఖిలా, మావయ్యకి నువ్వు చెయ్యి. నీ గొంతు విని నాలుగేళ్లయింది, సంతోషిస్తాడు" అంది.

అమ్మ అడిగింది ఒక్క ఫోను.

నాకు ఫోన్లో మాట్లాడటం రాదు. ఎదురుగా మనిషి ఉంటే తల దించుకుని అయినా నిలబడగలను. ఫోన్లో అటువైపు నిశ్శబ్దం వచ్చినప్పుడు ఏం చెయ్యాలో తెలియదు. మామయ్యతో అయితే ఇంకా. నాలుగేళ్లు మాట్లాడకుండా ఉండి ఇప్పుడు ఎలా మొదలుపెట్టాలి? మూడుసార్లు నంబరు తీశాను. మూడుసార్లూ నొక్కలేదు. చివరికి మెసేజ్ పెట్టాను. "మామయ్యా, నేను అఖిలని. వాన భయంతో పెళ్లి ఇంటి దగ్గర కాదు. త్రికోటేశ్వర ఫంక్షన్ హాల్లో. ఉదయం ఎనిమిదిన్నరకి వచ్చేయండి. ముహూర్తం 10.42." వినుకొండ అని రాయలేదు. దాచాలని కాదు, మర్చిపోయి కూడా కాదు. ఆ రోజంతా మా ఇంట్లో హాలు అంటే అదొక్కటే. వేరేది ఉంటుందన్న ఆలోచనే రాలేదు. పది నిమిషాలకి జవాబు వచ్చింది, "సరే తల్లీ" అని. చెప్పావా అని అమ్మ అడిగితే చెప్పాను అన్నాను. ఏమన్నాడు అంది. సరే తల్లీ అన్నాడు అన్నాను. అబద్ధం కాదు.

ఆదివారం వాన పడలేదు. పొద్దున్నే మబ్బు కూడా లేదు. హాలుకి చేరాక నా ఫోను పెళ్లికూతురి గదిలో, అక్క బట్టల పెట్టెలో పెట్టాను. ఫొటోలు తీసేవాళ్లు నన్ను పిలవకుండా ఉండాలని పన్నీరు బుడ్డి తీసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాను. తొమ్మిదైంది. తొమ్మిదింపావు అయింది. అమ్మ పట్టుచీర కుచ్చిళ్లు పట్టుకుని గేటు దాకా వెళ్లటం, రావటం. పెళ్లికొడుకు వాళ్లది పొదిలి. వాళ్ల వైపు పెద్దావిడ ఒకామె మేనమామ ఏడమ్మా అని రెండుసార్లు అడిగింది. దారిలో ఉన్నాడని అమ్మ చెప్పింది. నాన్న వినీ విననట్టు వంటల దగ్గరికి వెళ్లాడు.

తొమ్మిదిన్నరకి అమ్మ నా చెయ్యి పట్టుకుని, ఫోను చేసి ఎక్కడున్నాడో కనుక్కో అంది. నేను గదిలోకి వెళ్లి పెట్టె తెరిచాను. మామయ్య నుంచి ఆరు మిస్డ్ కాల్స్. వెంటనే చేశాను. ఆ రోజు మాత్రం చెయ్యి ఆగలేదు.

"అఖిలమ్మా, ఏంది తల్లీ, ఫోను ఎత్తరేంది ఎవరూ? మీ నాన్నకీ చేశా. ఇక్కడ ఎవరిదో వేరే పెళ్లి జరుగుతుంటే కూర్చోనున్నా."

ఎక్కడ మామయ్యా అన్నాను.

"త్రికోటేశ్వర హాల్లో. దర్శి."

వినుకొండ మామయ్యా అన్నాను. అంతే అన్నాను. అటువైపు మేళం వినపడుతోంది. మా వైపూ మేళమే. కాసేపు రెండు మేళాలు తప్ప ఏమీ లేదు. తర్వాత, "వస్తున్నా. ఆపమను" అన్నాడు.

ఆపమను. ఆ ఒక్క మాట నేను చెప్పాలి. దర్శి నుంచి బండి మీద ఎంత తొందరగా వచ్చినా గంట పైన పడుతుంది. ముహూర్తం ఆగదు, కానీ గంప ఆగగలదు, చివరి నిమిషం దాకా. కనీసం ఆయన దారిలో ఉన్నాడని, తప్పు నాదని అందరికీ తెలిసేది. నేను గదిలోంచి బయటకు వచ్చేసరికి పంతులుగారు పది దాటకముందే అమ్మాయిని తీసుకురండి అంటున్నారు. నాన్న మండపం పక్కన నిలబడి ఉన్నాడు. చుట్టూ పొదిలి వాళ్లు. నేను నాన్న దగ్గరికి వెళ్లాను. నాన్నా అన్నాను. ఆయన నా వైపు చూడకుండానే అందరికీ వినపడేటట్టు అన్నాడు.

"వాడు రాడు. నాకు ముందే తెలుసు. ఇంటికెళ్లి బొట్టు పెట్టి పిలిచినా వాడి కసి తీరలా. నలుగుర్లో నా పరువు తియ్యాలని చూశాడు, తీశాడు."

నా నోట్లో మాట ఉంది. నాలుక మీదే ఉంది. అంతమంది కొత్తవాళ్లు, పెళ్లికొడుకు తండ్రి, వీడియో కెమెరా లైటు. నాన్న అప్పుడు నా వైపు తిరిగి, ఏంటమ్మా అన్నాడు. నేను, ఏమీ లేదు అన్నాను.

ఈ రెండు నెలల్లో నేను ఎక్కువగా తలచుకున్నది మెసేజ్ గురించి కాదు. ఆ 'ఏమీ లేదు' గురించి.

గంప బుల్లయ్య బాబాయి మోశాడు. అక్క ఎక్కనని గదిలో ఏడ్చింది. ఫోను ఎత్తాడా అని అమ్మ నన్ను అడిగితే తల దించుకున్నాను, ఎత్తలేదనుకుంది. అమ్మే అక్కని బతిమిలాడి కూర్చోబెట్టింది. మామయ్య ఏమైపోయాడో ఏమో, ముహూర్తం దాటకూడదు తల్లీ, ఎక్కు అంది. తమ్ముడు గంప మోస్తుంటే వాడి భుజం మీద చెయ్యి వేసి నడవాలని అమ్మ ఎన్నాళ్ల నుంచో అనుకుంటోంది. బుల్లయ్య బాబాయి మీద వెయ్యలేదు. వెనకాల దూరంగా నడిచింది.

మామయ్య, అత్తా వచ్చేసరికి పదకొండు దాటింది. తాళి కట్టటం అయిపోయింది. మొదటి పంక్తి భోజనాలకి లేచారు. మామయ్య కొత్త చొక్కా అంతా దుమ్ము. కురిచేడు దగ్గర రైలు గేటు వేసి ఉందని, పక్కనున్న డొంక దారిలో వచ్చారని తర్వాత తెలిసింది. అత్త చేతిలో పళ్లెం, పళ్లెంలో చీర, పసుపు కుంకుమ, పళ్లు, ఎర్ర గుడ్డ కప్పి. నాన్న గుమ్మంలోనే ఎదురయ్యాడు. నేను నాన్నకి రెండడుగుల దూరంలో పన్నీరు బుడ్డి పట్టుకుని ఉన్నాను.

"బాగా అందుకున్నావయ్యా వీరాంజనేయులూ, భోజనాల టైముకి" అన్నాడు నాన్న.

చేతులు కడుక్కోవడానికి వెళ్లేవాళ్లు ఆగారు. ఎవరో నవ్వారు కూడా. మామయ్య జేబులోంచి ఫోను తీశాడు. తెర వెలిగింది. ఆయన తలెత్తి ముందు నాన్న వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. నా ముఖంలో ఏం కనపడిందో నాకు తెలియదు. ఫోను మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"ఆలస్యమైంది బావా" అన్నాడు.

మండపం దగ్గరికి వెళ్లి అక్కనీ బావనీ అక్షింతలు వేసి దీవించాడు. పళ్లెం అక్క చేతికి ఇప్పించాడు. అమ్మ చెయ్యి పట్టుకుని ఏదో అన్నాడు. భోజనం చేయకుండా వెళ్లిపోయాడు. మా వైపు ఎంత కోపం ఉన్నా పెళ్లిలో అన్నం తినకుండా వెళ్లరు. వెళ్లారంటే ఆ ఇంటితో ఇక ఏమీ లేదని. అమ్మ గేటు దాకా వెళ్లి, బండి మలుపు తిరిగేదాకా నిలబడింది.

తర్వాత రోజులు మామూలుగానే గడిచాయి. అదే నాకు ఎక్కువ కష్టం. అక్క అత్తారింటికి వెళ్లింది. నాకు పరీక్షలు మొదలయ్యాయి. నాన్న రచ్చబండ దగ్గరా, పురుగుమందుల షాపు దగ్గరా ఆ మాట చెప్పుకుంటూనే ఉన్నాడు, మా బామ్మర్ది అన్నం టైముకి కరెక్టుగా వచ్చాడు అని. వినేవాళ్లు నవ్వేవాళ్లు. అమ్మ మామయ్య పేరు ఎత్తటం మానేసింది. అంతకు ముందు నాలుగేళ్లూ కూడా వారానికొకసారైనా, అంజి ఉంటే ఇట్టా చేసేవాడు, అంజికి ఈ కూర ఇష్టం అనేది. ఇప్పుడు అది లేదు. ఒకసారి బట్టలు ఆరేస్తూ నాతో అంది, "నాకు ఏం బాధంటే అఖిలా, వాడు రానని ముందే అంటే పోయేది. వస్తానని నవ్వాడు చూడు" అని. అప్పుడు కూడా చెప్పలేదు. క్లిప్పులు అందించాను.

చివరి పరీక్ష రాసిన మర్నాడు, కాలేజీలో పుస్తకాలు అప్పగించాలని చెప్పి బయలుదేరి వినుకొండలో దర్శి బస్సు ఎక్కాను. ఒంటరిగా అంత దూరం ఎప్పుడూ వెళ్లలేదు. మామయ్య ఊరికి దర్శిలో దిగి ఆటో ఎక్కాలి. దిగాక ముందు ఆ హాలు చూడాలనిపించింది. అడిగితే ఎవరైనా చెబుతారు కానీ అడగకుండా వీధులన్నీ తిరిగి కనుక్కున్నాను. పెద్ద ఇనప గేటు, పైన స్వామి బొమ్మ, బొమ్మ కింద త్రికోటేశ్వర ఫంక్షన్ హాలు. వినుకొండ బోర్డు మీద ఉన్న రంగులే, పసుపు మీద ఎరుపు.

గేటు లోపల ఒక పెద్దాయన నిచ్చెన మీద నుంచి లైట్ల దండలు విప్పుతున్నాడు. పేరు గౌస్ బాషా అని తర్వాత చెప్పాడు. లైటింగూ ఆయనదే, హాలుకి కాపలా కూడా ఆయనేనట. ఎవరు కావాలమ్మా అన్నాడు. నేను బోర్డు వైపే చూస్తుంటే ఆయనే, "పెళ్లికి వచ్చావా? ఇవాళ ఇక్కడ పెళ్లి లేదు. ఏ ఊరి హాలో సరిగ్గా చూసుకున్నావా? వినుకొండలో ఒకటుంది, పొదిల్లో ఒకటుంది" అన్నాడు.

నేను అక్కడే మెట్టు మీద కూర్చున్నాను. ఇట్టా పొరపాటున చాలామంది వస్తారా అని అడిగాను.

"ముహూర్తాల రోజున ఇద్దరు ముగ్గురన్నా వస్తారు. మా ఓనరు గారికి చెప్పా, పేరు మార్చండి సారూ అని. దేవుడి పేరు ఎట్టా మారుస్తారయ్యా అంటాడు. నాదీ అంతే. బాషా లైటింగ్ అని పెట్టుకున్నా. దర్శిలోనే ముగ్గురం ఉన్నాం. ఫోను ఒకరికొస్తే పని ఇంకొకరు చేస్తాం." నవ్వి, నవ్వు ఆపి, "మొన్న మాఘమాసంలో ఒకాయన వచ్చాడు, పాపం. ఆయన్ని మాత్రం మర్చిపోలేను" అన్నాడు.

ఆయనే చెప్పాడు. ఎనిమిదింటికే వచ్చాడట, భార్యతో. మేనమామని అని చెప్పుకున్నాడట. ఇక్కడి పెళ్లి వాళ్లు మగపెళ్లి వాళ్ల మనిషి అనుకుని కాఫీ ఇచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారట. బోర్డు మీద పెళ్లికూతురి పేరు పూలతో ఇంకా సగమే రాశారట. గంప ఎక్కడ పెట్టారు, నేను మొయ్యాలి అని అడిగేసరికి ఆ పిల్ల సొంత మేనమామ వచ్చి, నువ్వెవరయ్యా అన్నాడట. అప్పుడు తెలిసింది. ఫోన్లు చేసుకుంటూ నిలబడ్డాడట. ఎవరూ ఎత్తలేదట. ఈలోగా ఇక్కడి గంప బయటికి వచ్చిందట.

"ఆ పిల్లని గంపలో తెస్తుంటే దారిచ్చి పక్కకి జరిగి నిలబడ్డాడమ్మా. చేతులు ఇట్టా ముందుకి పెట్టుకుని. పట్టుకోవటానికి ఏమీ లేదు, ఊరికే పెట్టుకుని నిలబడ్డాడు" అన్నాడు గౌస్ బాషా.

ఆటోలో మామయ్య ఊరు చేరేసరికి పదకొండు. ఇంటి వెనక కల్లంలో అత్తా, ఇంకో ఇద్దరు ఆడవాళ్లూ మిరపకాయల కుప్ప ముందు కూర్చుని తాలు ఏరుతున్నారు. తాలు అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయలు. అత్త నన్ను చూసి లేవలేదు. "ఏమ్మా, దారి తెలిసిందా? హాలు దారి చెప్పటానికైతే తెలియలేదు" అంది. మామయ్య పట్టా ఆరేస్తున్నవాడు తిరిగి చూసి, ఎండలో ఏంటే పిల్లని, ముందు మంచినీళ్లు ఇవ్వు అన్నాడు. నేను నీళ్లు తాగి, అత్త పక్కన కూర్చుని తాలు ఏరటం మొదలుపెట్టాను. చాలాసేపు ఏరాను. ఘాటుకి ముక్కు, కళ్లు కారాయి. కారటం ఏడుపో ఘాటో ఎవరూ అడగలేదు. ఆ ఇద్దరు ఆడవాళ్లూ అన్నానికి లేచాక, మామయ్య కూడా కుప్ప దగ్గరికి వచ్చి కూర్చున్నప్పుడు చెప్పాను. ఫోను చెయ్యమంటే చెయ్యలేదని, ఊరు పేరు రాయలేదని, మామయ్య వస్తున్నాడని తెలిసి కూడా నాన్నతో ఏమీ లేదు అన్నానని.

"తెలుసు తల్లీ" అన్నాడు మామయ్య. "నీ మెసేజు నా ఫోన్లోనే ఉంది కదా."

మరి నాన్నకి ఎందుకు చూపించలేదు మామయ్యా అని అడిగాను.

"చూపిస్తే ఆయన నోరు నీ మీదికి తిరిగేది. పెళ్లి ఇంట్లో, అంతమందిలో. నీ ముఖం చూశాక చెయ్యి రాలా." ఒక తాలుకాయ తీసి పక్కన వేశాడు. "అదొక్కటే కాదులే. నా తప్పూ ఉంది. నీ మెసేజు చూసి, దర్శిలో పెట్టారేంది అనుకున్నా. పొదిలి వాళ్లకీ మీకూ మధ్యలో అని పెట్టారేమో అని నాకు నేనే సర్ది చెప్పుకున్నా. ఒక్క ఫోను చేసి ఏ ఊళ్లో హాలు అని అడగొచ్చు. అడగలా. నాలుగేళ్లకి పిలిచాడు బావ. మళ్లీ ఒక ప్రశ్న అడిగితే, వీడికి హాలు ఎక్కడో కూడా తెలియదా అంటాడని. ఏ మాట ఎట్టా తగులుతుందో అని."

అత్త లోపలికి వెళ్లిపోయింది. కంచం పెట్టిన చప్పుడు వినపడింది. నన్ను తినమంది. నేను తిన్నాను. ఆ ఇంట్లో నాలుగేళ్ల తర్వాత మా ఇంటి వాళ్లెవరైనా తిన్న అన్నం అది. తింటుంటే మామయ్య అన్నాడు, నువ్వు ఇది చెప్పాల్సింది నాకు కాదమ్మా అని. కోపంగా అనలేదు. బస్సు దాకా బండి మీద దింపి, టికెట్టు తనే తీసి, కండక్టరుకి చెప్పాడు, పిల్ల వినుకొండలో దిగుతుంది, వినుకొండ, అని రెండుసార్లు.

ఇంటికి వెళ్లేసరికి సాయంత్రం అయింది. నాన్న అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. అమ్మ పత్తికట్టె విరిచి పొయ్యి దగ్గర పెడుతోంది. ఆలస్యం అయితే మళ్లీ నోరు రాదని చెప్పులు విడవకుండానే చెప్పాను. ఎక్కడికి వెళ్లానో, ఎందుకు వెళ్లానో, మొత్తం.

అమ్మ ముందుగా అడిగింది. "ఆ రోజు వాడు ఇంకెక్కడన్నా తిన్నాడా?"

కురిచేడులో అరటిపళ్లు కొనుక్కుని తిన్నారంట అన్నాను. అత్త చెప్పింది. అమ్మ కట్టెలు అక్కడే వదిలేసి లోపలికి వెళ్లింది.

నాన్న నన్ను కొట్టలేదు. తిట్టలేదు. తిడతాడనే అనుకుని ధైర్యం చేసి వచ్చాను, తిడితే అయిపోతుందని. ఆయన టీ గ్లాసు అరుగు మీద పెట్టి, "దర్శిలో ఆ పేరుతో హాలు లేదు" అన్నాడు. ఉంది నాన్నా, చూసొచ్చాను అన్నాను. "నలభై ఏళ్ల నుంచి దర్శి పోతున్నా. నేను చూడలేదు" అన్నాడు.

మర్నాడు పొద్దున ఆయన బండి తీసుకుని ఎక్కడికో వెళ్లాడు. చెప్పలేదు. అమ్మ అడగలేదు కానీ ఆ రోజు వంకాయ కూర ఎక్కువ వండింది. మామయ్యకి అది ఇష్టం. రెండు గంటలకి నాన్న ఒక్కడే వచ్చాడు. కాళ్లు కడుక్కుని, తుండుతో ముఖం తుడుచుకుని కూర్చున్నాడు. అమ్మ కంచం పెట్టి నిలబడింది.

"ఉంది" అన్నాడు నాన్న. "పసుపు బోర్డు. కొత్తగా కట్టారు."

అమ్మ ఇంకా నిలబడే ఉంది. అక్కడి నుంచి మామయ్య ఊరు ఐదు కిలోమీటర్లు. ఆటోకి పది నిమిషాలు పట్టింది నాకు.

"అంత దూరం వెళ్లి" అంది అమ్మ.

"వాళ్ల ఊరి మలుపు దాకా వెళ్లా" అన్నాడు నాన్న. కంచంలోకి చూస్తూ అన్నాడు. "ఏమని పోతానే? ఆ మాట అన్నది నేను. వాడొక్కడి ముందైతే పోయి తప్పయింది అనేవాణ్ణి. ఊరంతా తిరిగి అన్నా. చేతిలో ఏం పట్టుకుని పోవాలో తెలియలా."

ఊరికే వెళ్లినా వాడు లోపలికి రమ్మంటాడు అంది అమ్మ. నాన్న వంకాయ కూర వేసుకున్నాడు, కలుపుకున్నాడు, కొంచెం తిన్నాడు. అమ్మ మిగిలిన కూర గిన్నెలోకి తీసి మూత పెట్టి, మూత మీద చెయ్యి అలాగే ఉంచి కాసేపు నిలబడింది. తర్వాత నా వైపు తిరిగి, రేపు దర్శికి మొదటి బస్సు ఎన్నింటికి అని అడిగింది. ఆరున్నరకి అన్నాను. నాన్న విన్నాడు. వెళ్లమనీ అనలేదు, వద్దనీ అనలేదు.